కలిసి పైకి పోదాం

ఆ రోజు ఉదయం లిఫ్టుల కంపెనీ బ్రాంచి మేనేజరు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఉద్యోగులలో సహకారం, సృజనాత్మకత, సమస్యా పరిష్కార శక్తి పెంపొందించాలని, పెంపొందించినట్టు ఫొటోలు పంపాలని హెడ్డాఫీసు ఆదేశించింది. పెంపొందించడం ఎలాగో ఆయనకు తెలియదు కానీ ఫొటోలు తీయడం తెలుసు. ఉన్న ముగ్గురు ఉద్యోగులనూ ఒక గోడ ముందు నిలబెట్టి, నవ్వమని చెప్పి, క్లిక్కుమనిపించి, మధ్యాహ్నం కుర్చీలోనే కాస్త కునుకు తీద్దామనుకున్నాడు. ఆ మాట పొరపాటున ఇంట్లో అన్నాడు.

"దానికి బయటివాళ్ళెందుకండీ? మా తమ్ముడు లేడూ?" అంది భార్య.

"బయటివాళ్ళని పిలుస్తానని నేనెప్పుడన్నాను?"

"వాడు మొన్ననే ఆ కోర్సేదో పూర్తిచేశాడు. మనుషుల్ని కలపడమట."

"మీ అన్నయ్యా వాడూ మాట్లాడుకోక ఏళ్ళయింది. ముందు అక్కడ కలపమను."

"అది ఇంటి విషయం, ఇది ఆఫీసు విషయం," అని ఆవిడ టీ కప్పు కాస్త గట్టిగా బల్ల మీద పెట్టింది. ఆ చప్పుడుతో నియామకం ఖరారైపోయింది.

ఈ బావమరిది కొన్నాళ్ళు వాటర్ ఫిల్టర్లు అమ్మాడు. కొన్నాళ్ళు ఉద్యోగస్తులకు ధ్యానం నేర్పాడు. వాటర్ ఫిల్టర్లు కొన్నవాళ్ళు తిరిగి ఇచ్చేశారు. ధ్యానం నేర్చుకున్నవాళ్ళకు తిరిగి ఇచ్చే వీల్లేకపోయింది. ఇప్పుడు ఐకమత్యంలోకి దిగాడు. ఆఫీసు తెరిచే వేళకే భుజాన గుడ్డసంచి, చేతిలో రంగు చీటీల కట్టలతో, ఒక పాత లారీ టైరును దొర్లించుకుంటూ వచ్చేశాడు.

"ఈ టైరెందుకయ్యా?" అన్నాడు మేనేజరు.

"అందరూ కలిసి దీనిమీద నిలబడాలి బావగారూ. ఒకళ్ళు పడితే అందరూ పడ్డట్టే. టీమ్ అంటే అదీ."

"పడకుండా ఉండాలంటే?"

"అది పై కోర్సులో చెప్తారట."

మూడో అంతస్తులోని ఆ బ్రాంచిలో కలపవలసినవాళ్ళు నిజంగానే ఉన్నారు. ఫోన్లో ఫిర్యాదులు రాసుకునే ఆపరేటరమ్మాయికీ, వాటిని బాగుచేయవలసిన సీనియర్ మెకానిక్కుకీ పడదు. ఆమె రాసిన ప్రతి ఫిర్యాదు పక్కనా అతను కుర్చీలోంచి లేవకుండానే 'సరిచేయబడింది' అని రాసేస్తాడు. మర్నాడు తిట్లు ఆమె తింటుంది. ఇక అకౌంటెంటుగారికి గాలేస్తే కాగితాలు ఎగురుతాయి, ఆపరేటరుకు గాలి లేకపోతే తల తిరుగుతుంది. ఆఫీసులో ఉన్నది ఒకటే కిటికీ. ఆ కిటికీ పుణ్యమా అని వాళ్ళిద్దరూ ఏం చెప్పుకోవాలన్నా మెకానిక్కు ద్వారానే చెప్పుకుంటారు. అతను ఇటు మాట అటు చేర్చేటప్పుడు తనవంతుగా కొంచెం కారం కలుపుతాడు.

బావమరిది కౌంటరు మీద పెద్ద అట్టబోర్డు నిలబెట్టి ఎర్ర అక్షరాలతో రాశాడు: 'నేటి నుంచి ఇక్కడ పై అధికారి లేడు! గోడలు కూల్చేద్దాం! అందరం కలిసి పైకి పోదాం!'

"పైకి అంటే?" అని అకౌంటెంటుగారు కళ్ళద్దాలు సర్దుకుంది.

"డాబా మీదికండీ, ట్రైనింగ్ అక్కడే. అభివృద్ధిలోకి అని ఇంకో అర్థం కూడా ఉంది."

"మూడో అర్థం కూడా ఉంది బాబూ," అంది ఆవిడ.

అతను వినిపించుకోకుండా గుడ్డసంచి చాచాడు. "ఫోన్లన్నీ ఇందులో వెయ్యండి. మనిషికీ మనిషికీ మధ్య అసలు గోడ ఫోనే."

"మరి ఫొటోలు?" అన్నాడు మేనేజరు, తన ఫోను గుండెకు హత్తుకుని.

"మనసులో తీసుకోవాలి బావగారూ. నాయకుడే వెనకాడితే ఎలా?"

సంచి కౌంటరు మీద, బోర్డు పక్కన మిగిలింది. కింద వాచ్‌మన్‌కి అతను ముందే చెప్పి వచ్చాడు: లిఫ్టు ఇవాళ మేం వాడుకుంటాం, పైనుంచి ఎన్ని అరుపులు వినిపించినా రావద్దు, అదంతా ట్రైనింగే అని.

డాబాకి పోవడానికి మెట్లున్నాయి. కానీ ఒకళ్ళు మెట్లెక్కి ఒకళ్ళు లిఫ్టెక్కితే టీమ్ విరిగిపోతుందట. అందుకని ఐదుగురూ, టైరూ కలిసి ఒకే లిఫ్టులో ఇరికారు. లోపల 'నలుగురు మాత్రమే' అన్న రేకు మెరుస్తోంది. ఆ రేకు బిగించింది వాళ్ళ కంపెనీయే. ఆ లిఫ్టు మంచిచెడ్డలు చూసేదీ వాళ్ళే. బరువెక్కువైందని గంట కీచుమంది.

"దీనికి బెదిరేది కస్టమర్లు సార్, మనం కాదు," అని మెకానిక్కు మీటల వెనక వేలు పెట్టి ఏదో తీగ లాగాడు. కీచుమనడం ఆగింది. "చూశారా? సమస్యా పరిష్కారం!"

బావమరిది చప్పట్లు కొట్టించాడు. లిఫ్టు నాలుగో అంతస్తు దాకా పోదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టు కొంచెం పైకి పాకి, ఒకసారి వెక్కి, ఆగిపోయింది.

ఊళ్ళో ఎవరు లిఫ్టులో ఇరుక్కున్నా ఫోను చేయవలసిన ఆఫీసు మొత్తం ఆ లిఫ్టులోనే ఉందన్న సంగతి ఒక్కొక్కరికీ విడివిడిగా తట్టింది.

"ఏమయ్యా, బాగుచెయ్యి," అన్నాడు మేనేజరు.

"లోపల్నుంచి ఎప్పుడూ చూళ్ళేదు సార్. నేను బయట్నుంచి చేసేవాణ్ణి."

"బయట్నుంచి మాత్రం ఎప్పుడు చేశారు?" అంది ఆపరేటరు.

బావమరిది ముఖం మాత్రం వెలిగిపోయింది. "అద్భుతం! నిజమైన సమస్య దొరికింది! ఇప్పుడు అందరం ఆలోచనలు చెప్దాం. నియమం ఒక్కటే, ఎవరి మాటా కాదనకూడదు. 'అవును, దాంతోపాటు' అని అందుకోవాలి."

"అందరం ఒక్కసారి గెంతుదాం, అదే కదుల్తుంది," అన్నాడు మెకానిక్కు.

"అవును, దాంతోపాటు ఆ టైరు కూడా ఎత్తి పడేద్దాం," అంది అకౌంటెంటుగారు ఒళ్ళుమండి.

వెటకారాన్ని కూడా కాదనకూడదు కాబట్టి బావమరిది ఆ రెండూ రెండు చీటీల మీద రాసి అద్దానికి అంటించి, ఒకటీ రెండూ మూడూ అనిపించాడు. ఐదుగురూ గెంతారు. టైరు పడింది. లిఫ్టు మూలిగి, ఒక జానెడు కిందికి జారి, దీపం ఆర్పి మళ్ళీ వెలిగించింది. ఆపరేటరు దగ్గర్లో ఉన్న చెయ్యి పట్టుకుంది. అది అకౌంటెంటుగారి చెయ్యి. ఇద్దరూ వదల్లేదు.

గోడకు ఎమర్జెన్సీ ఫోను ఉంది. మేనేజరు దాన్ని ఎత్తాడు. వెంటనే కాళ్ళ కింద, ఖాళీ ఆఫీసులో, ఫిర్యాదుల ఫోను ట్రింగు ట్రింగుమని మోగడం ఐదుగురికీ శుభ్రంగా వినిపించింది. అది మోగి మోగి, చివరికి తియ్యటి ఆడగొంతు పలికింది: "మీ కాల్ మాకు ఎంతో విలువైనది. మా ప్రతినిధులందరూ ప్రస్తుతం ఇతర కస్టమర్ల సేవలో నిమగ్నమై ఉన్నారు."

"అది నా గొంతే," అంది ఆపరేటరు తెల్లబోయి. "ఎంత నమ్మకంగా చెప్తున్నానండీ!"

అరిచారు. తలుపులు బాదారు. కింద వాచ్‌మన్ ఆ చప్పుళ్ళు విని, ట్రైనింగ్ బ్రహ్మాండంగా సాగుతోందని సంతోషించాడు. అరుపులు నీరసించాక బావమరిది ధైర్యం కోసం నినాదాలు ఇప్పించడం మొదలుపెట్టాడు. "మనమంతా?" అంటే "ఒక్కటే!" అనాలి. "ఎవరొచ్చినా?" అంటే "విడిపోం!" అనాలి. చేసేదేమీ లేక అందరూ అరిచారు. అరిచినకొద్దీ కాస్త ఊపు కూడా వచ్చింది.

సరిగ్గా ఆ వేళకే హెడ్డాఫీసు వైస్ ప్రెసిడెంటు వచ్చాడు. చెప్పకుండా వచ్చాడు. ఈ బ్రాంచిని మూసేసి వేరే బ్రాంచిలో కలిపేయాలని పైవాళ్ళు అనుకుంటున్నారు; ఊరికే అన్నట్టు వచ్చి, ఒకసారి చూసిపోయి, మూసేయవచ్చని చెప్పడం ఆయన పని. కింద ఎంతసేపు మీట నొక్కినా లిఫ్టు రాలేదు.

"రాదండీ. మీ ఆఫీసువాళ్ళే పైన ఆపి పెట్టుకున్నారు. ఎంత అరిచినా ఎవరూ రావద్దన్నారు," అన్నాడు వాచ్‌మన్.

వైస్ ప్రెసిడెంటు రొప్పుతూ మూడంతస్తులు ఎక్కాడు. ఆఫీసు తలుపు బార్లా తెరిచి ఉంది. కుర్చీలు ఖాళీ. మేనేజరుకు ఫోను చేస్తే కౌంటరు మీది సంచి మోగింది. తక్కినవాళ్ళకు చేశాడు. సంచి ఒకటే మోత. అప్పుడు తలెత్తి బోర్డు చదివాడు. పై అధికారి లేడన్న దగ్గర కనుబొమలు ముడిపడ్డాయి. గోడలు కూల్చేద్దామన్న దగ్గర చెమట పట్టింది. అందరం కలిసి పైకి పోదామన్న దగ్గర అకౌంటెంటుగారి మూడో అర్థం ఆయనకూ స్ఫురించి, కుర్చీలో కూలబడ్డాడు. ఇంతలో గోడల్లోంచి వినిపించింది: "మనమంతా ఒక్కటే! ఎవరొచ్చినా విడిపోం!"

బ్రాంచి మూసివేత సంగతి బయటికి పొక్కింది. సమ్మె! ఆయన తలలో ఆ ఒక్క మాటే గిర్రున తిరుగుతూండగా కౌంటరు మీది ఫిర్యాదుల ఫోను మోగింది. ఎత్తి, "హలో, నేను హెడ్డాఫీసు వైస్ ప్రెసిడెంటుని మాట్లాడుతున్నా," అన్నాడు.

లిఫ్టులో ఎమర్జెన్సీ ఫోను మళ్ళీ ఎత్తిన మేనేజరుకు ప్రాణం లేచొచ్చింది, వెంటనే పోయింది. లిఫ్టులు బాగుచేసే ఆఫీసు మొత్తం లిఫ్టులో ఇరుక్కుందని ఆ మనిషితో చెప్పడం కన్నా లిఫ్టులోనే స్థిరపడిపోవడం నయమనిపించింది. చటుక్కున ముక్కు నొక్కుకున్నాడు.

"నేను ఐదో అంతస్తాయన్నండీ. లిఫ్టు ఆగిపోయింది, కాస్త ఎవర్నయినా పంపండి."

"క్షమించాలి సార్. ఆ లిఫ్టు మా స్టాఫే ఆక్రమించుకున్నారు. సమ్మె చేస్తున్నారు."

"ఎవరు?" అన్నాడు మేనేజరు, ముక్కు వదిలేసి.

"మా స్టాఫ్ అండీ. బ్రాంచి మూసేస్తున్నామని ఎలాగో తెలిసిపోయింది. మేనేజర్ని కూడా లాక్కుపోయినట్టున్నారు. పాపం, ఏ గతి పట్టించారో ఏమో."

మేనేజరు ఫోను మెల్లగా పెట్టేశాడు. "మనం సమ్మె చేస్తున్నామట," అన్నాడు. ఆ తర్వాత, "బ్రాంచి మూసేస్తున్నారట," అన్నాడు.

బావమరిది చేతిలో చీటీ అలాగే ఉండిపోయింది. మెకానిక్కు గోడకు చేరగిలబడి, "ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు సార్? నాకు పని రాదని ఊరందరికీ తెలుసు," అన్నాడు. అతను అంత నిజం చెప్పడం ఎవరూ ఎన్నడూ వినలేదు. ఆపరేటరు ఏడుపు ఆపుకోవడానికి అద్దానికి అంటించిన చీటీలు చదవసాగింది. అకౌంటెంటుగారు మాత్రం ఆమె చెయ్యి వదలకుండానే ఏదో లెక్కవేస్తున్నట్టు కళ్ళు మూసుకుంది.

తలుపు సందులోంచి కింది వరండాలో బూట్ల చప్పుడు, ఆ వెంటనే వైస్ ప్రెసిడెంటు గొంతు వినిపించాయి. "సోదరులారా! సోదరీమణులారా! తొందరపడకండి! బయటికి రండి, మాట్లాడుకుందాం!"

"రాలేం సార్!" అన్నాడు మెకానిక్కు, ఉన్నమాట.

కింద ఉన్నవాడికి అది 'రాం' అని వినిపించింది. "అంత మాటనకండి! బ్రాంచి మూసేది లేదని నేను హెడ్డాఫీసుతో మాట్లాడి చెప్పిస్తా! ఇంకేం కావాలి?"

లిఫ్టులో ఐదుగురూ ముఖాలు చూసుకున్నారు. బావమరిది నోరు తెరవబోయాడు. అకౌంటెంటుగారు ఆ నోటిమీద రంగు చీటీ ఒకటి అంటించింది.

"సార్, మీరు మా వైపా, వాళ్ళ వైపా?" అని ఆపరేటరు గుసగుసగా అడిగింది.

మేనేజరు ఇంత కష్టమైన ప్రశ్న ఉద్యోగంలో చేరిన తర్వాత ఎదుర్కోలేదు. హెడ్డాఫీసు కింద ఉంది, తాను పైన ఉన్నాడు. మొట్టమొదటిసారి. "మీ వైపే," అన్నాడు. "అవును, దాంతోపాటు..." అని అలవాటుగా అందుకుని, "జీతాలు పెంచమందాం," అన్నాడు.

అప్పుడు మొదలైంది అసలైన సహకారం. ఒకరి మాట ఒకరు కాదనలేదు. మెకానిక్కు కొత్త పనిముట్లు కావాలని అరిచాడు. వాడతావా అని ఎవరూ అడగలేదు. ఆపరేటరు, తిట్లు తినడానికి ఇంకొకరిని కూడా నియమించాలని అరిచింది. అకౌంటెంటుగారు గొంతు సవరించుకుని, "మా ఆపరేటరమ్మాయికి సపరేటుగా ఒక కిటికీ కావాలి!" అంది. ఆపరేటరు ఆవిడ భుజం మీద తల పెట్టుకుంది. వైస్ ప్రెసిడెంటు ప్రతిదానికీ హెడ్డాఫీసుకు ఫోను చెయ్యడం, "ఒప్పుకున్నారు!" అని పైకి అరవడం, "ఇక బయటికి రండి!" అని బతిమాలడం, వాళ్ళు "రాలేం!" అనడం, ఆయన ఇంకొకటి కలపడం. ఇలా సాగి సాగి కోరికలు అయిపోయాయి.

ఇప్పుడు వచ్చింది చిక్కు. అన్నీ దొరికాయి, దిగడమొక్కటే కుదరలేదు. లోపల గాలి వేడెక్కుతోంది. బావమరిది నోటిమీది చీటీ పీకి పారేసి, "ఇరుక్కుపోయాం సార్! మేం ఇరుక్కుపోయాం!" అని గావుకేక పెట్టాడు.

అందరూ తల పట్టుకున్నారు. కిందనుంచి జాలితో బొంగురుపోయిన గొంతు వినిపించింది. "ఇరుకున పడ్డారని నాకు తెలుసమ్మా! ధరలు అలా ఉన్నాయి! సరే, సంవత్సరానికోసారి బోనసు కూడా ఇప్పిస్తా!"

అయినా తలుపు తెరుచుకోలేదు. అంతా విని, అన్నీ ఒప్పుకున్న తర్వాత కూడా దిగిరాని ఆ పట్టుదల చూసి హెడ్డాఫీసుకు సహనం పోయింది. లిఫ్టు కరెంటు తీసేయండి, ఉక్కపోసి వాళ్ళే దిగుతారు అని ఫోన్లో చెప్పారు. వాచ్‌మన్ మెయిన్ తీశాడు. పైన గాఢాంధకారం, ఆర్తనాదాలు. ఆ ఆర్తనాదాలకు వైస్ ప్రెసిడెంటే తట్టుకోలేక, "వెయ్యి, వెయ్యి, మళ్ళీ వెయ్యి!" అన్నాడు. మెయిన్ వేయగానే లిఫ్టు నిద్రలేచినట్టు ఒళ్ళు విరుచుకుని, ఏమీ జరగనట్టు మూడో అంతస్తుకు దిగి, సభ్యంగా తలుపులు తెరిచింది. ఆ కంపెనీలో ఒక లిఫ్టు నిజంగా బాగుపడడం చాలా కాలం తర్వాత అదే. బాగుచేసినవాడు వైస్ ప్రెసిడెంటు, అదీ ఆయనకు తెలియదు.

చెమటతో తడిసి, ఒకరి చేతులు ఒకరు పట్టుకుని ఐదుగురూ బయటికొచ్చారు. వెనకే టైరు దొర్లుకుంటూ వచ్చింది. ఆ టైరును చూసి, ఇంకాస్త ఆలస్యమైతే కాల్చేవాళ్ళేనని వైస్ ప్రెసిడెంటు నిర్ధారించుకుని, అందరికీ వంగి నమస్కారం పెట్టాడు. మేనేజరు దగ్గరికొచ్చేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. "మిమ్మల్ని ఏమీ చెయ్యలేదు కదా?"

"ఇంతవరకూ చెయ్యలేదండీ," అన్నాడు మేనేజరు.

బ్రాంచి నిలబడింది. ఇచ్చిన మాటలు కూడా చాలావరకు నిలబడ్డాయి. కానీ హెడ్డాఫీసు మాత్రం నిద్రపోలేదు. ఒక్క పూటలో ముగ్గురు ఉద్యోగులు అంతగా ఏకమైతే, తక్కిన బ్రాంచీలు కూడా ఏకమైతే కంపెనీ ఏం కావాలి? ఈ ఐకమత్యం వెనక ఉన్నదెవరో చెప్పమని మేనేజరును పిలిపించి అడిగారు. ఆయన తప్పదని బావమరిది పేరు చెప్పాడు. ఇక ఇంట్లో టీ కప్పుల మోత ఎలా ఉంటుందో తలచుకుని గజగజలాడాడు.

జరిగింది వేరు. అంతగా కలపడం తెలిసినవాడికి విడదీయడం కూడా తెలిసే ఉంటుందని వైస్ ప్రెసిడెంటు వాదించాడు. ఉద్యోగుల మధ్య అనవసరమైన సఖ్యత తగ్గించే నిపుణుడిగా బావమరిదిని అన్ని బ్రాంచీలకూ కలిపి పెద్ద జీతం మీద నియమించారు. అతను టైరు దొర్లించుకుంటూ ఒక్కో బ్రాంచీకీ వెళ్ళాడు. వెళ్ళిన చోటల్లా, రోజు గడిచేసరికి, అంతవరకూ కలిసి టీ తాగేవాళ్ళు కూడా ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశారు. హెడ్డాఫీసు పరమానందంతో అతనికి ప్రమోషన్ ఇచ్చింది.

పాఠాల్లో మాత్రం అతను ఒక్క అక్షరం కూడా మార్చలేదు.